నాలుగేళ్లు తాళం, ఐదో ఏట మోత

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డానియెల్ జోన్స్ కాంట్రాక్టు మీద వచ్చిన రాతలు చాలావరకు ఒక్క అంకె దగ్గరే ఆగిపోయాయి. నాలుగేళ్లకు 16 కోట్ల డాలర్లు. 2022 సీజన్ మొత్తానికి 15 టచ్‌డౌన్ పాసులు వేసిన ఓ మోస్తరు క్వార్టర్‌బ్యాక్‌కి అంత డబ్బా అని ముక్కున వేలేసుకోవడం, 2024 నవంబరులో న్యూయార్క్ జెయింట్స్ అతన్ని వదిలేయగానే ‘మేం ముందే చెప్పాం’ అనడం. డాక్ ప్రెస్కాట్, బ్రాక్ పర్డీ, టువా టాగోవైలోవా, ఎవరు సంతకం చేసినా ఇదే వరస. ఆటగాడికి ఆ ధర తగునా అని అందరూ అడుగుతున్నారు. ఆ ధర ఎక్కడ పుట్టిందో ఆరా తీసినవాళ్లు బహు తక్కువ.

జెయింట్స్ తప్పును 2023 మార్చి నాటి సంతకంలో వెతకడం వృథా. అది అంతకు పది నెలల ముందే జరిగిపోయింది. కాలేజీ ఆటగాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, మొదటి రౌండ్‌లో తీసుకున్న ఆటగాడిని నాలుగేళ్ల తర్వాత మరో ఏడాది అట్టిపెట్టుకునే హక్కు క్లబ్‌కి ఉంటుంది. జోన్స్ విషయంలో ఆ ఐదో ఏడాది ఖరీదు సుమారు 2.24 కోట్లు. 2022 ఏప్రిల్ చివర్లో క్లబ్ అది వద్దనుకుంది. ఆ సీజన్‌లో జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లి, మిన్నెసోటాలో వైకింగ్స్‌ని ఓడించేసరికి బేరం తిరగబడింది. ఇక మిగిలిన దారి, కాంట్రాక్టు ముగిసిన ఆటగాడిని నిర్ణీత ధరకు మరో ఏడాది కట్టి ఉంచే ఫ్రాంచైజీ ట్యాగ్. దాని ఖరీదు 3.24 కోట్లు, అంతా ఒకే ఏడాది శాలరీ క్యాప్‌లో, అంటే జట్టు జీతాల పరిమితిలో పడుతుంది. పైగా క్లబ్‌కి ఏడాదికి ఒక్క ట్యాగే. దాన్ని జట్టు రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్‌లీ కోసం వాడుకోవాలి. అందుకే గడువు ముగియడానికి కొద్ది నిమిషాల ముందు జోన్స్‌తో ఒప్పందం ముగించి, ట్యాగ్ బార్క్‌లీకి తగిలించారు. జోన్స్‌కి గ్యారంటీగా రాసిచ్చింది సుమారు 8 కోట్లు. శీర్షికల్లో మోగిన 16 కోట్లలో అతని చేతికొచ్చిందీ దాదాపు అంతే. 2025 జీతంలో 2.3 కోట్లు గాయమైతే చెల్లించి తీరాల్సినవి. అతన్ని ముందు బెంచీ మీద కూర్చోబెట్టి ఆపైన వదిలేయడం వెనుక, ఆ భారం మెడకు చుట్టుకోకూడదన్న లెక్కా ఉంది.

ఈ ఒత్తిడికి మూలం యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2011 ఉమ్మడి ఒప్పందం. 2010 డ్రాఫ్ట్‌లో మొదట ఎంపికైన సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి సెయింట్ లూయిస్ రామ్స్ ఆరేళ్లకు 7.8 కోట్లు రాసిచ్చింది. అందులో 5 కోట్లు గ్యారంటీ. మరుసటి ఏడాది అదే స్థానంలో ఎంపికైన కామ్ న్యూటన్‌కి కరోలినా పాంథర్స్ ఇచ్చింది నాలుగేళ్లకు 2.2 కోట్లు. ఇద్దరూ క్వార్టర్‌బ్యాక్‌లే, ఇద్దరూ హైస్‌మన్ ట్రోఫీ గెలిచినవాళ్లే. మధ్యలో లాకౌట్ జరిగింది, జులైలో కొత్త ఒప్పందం కుదిరింది, కొత్తవాళ్ల జీతాలకు పట్టిక వచ్చింది. పట్టిక గురించి అందరూ రాశారు. దాని పక్కనే ఉన్న మరో షరతును దాదాపుగా వదిలేశారు: మూడు సీజన్లు పూర్తయ్యేదాకా ఆ కాంట్రాక్టును తిరగరాయకూడదు. ఆటగాడు అడిగినా, క్లబ్ తానై పెంచుతానన్నా కుదరదు.

ఇలా ధర మార్చుకోకూడదని 32 క్లబ్బులు తమలో తాము కూడబలుక్కుంటే అమెరికా యాంటీట్రస్ట్ చట్టం మామూలుగా ఊరుకోదు. ఆటగాళ్ల కదలికను కట్టడి చేసిన ‘ప్లాన్ బీ’ పద్ధతిని 1992లో ఫ్రీమన్ మెక్‌నీల్ కేసులో మినియాపొలిస్ జ్యూరీ తప్పుపట్టింది ఆ చట్టం కిందే. ఆ తీర్పూ, దాని వెంట రెగీ వైట్ పేరున నడిచిన దావా కలిసి 1993లో ఫ్రీ ఏజెన్సీని, అంటే కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు నచ్చిన క్లబ్‌కి వెళ్లే హక్కును తెచ్చాయి. బదులుగా యజమానులు శాలరీ క్యాప్‌నీ, ఫ్రాంచైజీ ట్యాగ్‌నీ రాబట్టుకున్నారు. ఇక్కడే మెలిక ఉంది. అదే కట్టడికి ఆటగాళ్ల సంఘం సంతకం పెడితే యాంటీట్రస్ట్ చట్టం పక్కకు తప్పుకుంటుంది, కార్మిక చట్టం ముందుకొస్తుంది. మారిస్ క్లారెట్ అనే కాలేజీ ఆటగాడు డ్రాఫ్ట్ అర్హత నిబంధనను సవాలు చేసినప్పుడు 2004లో సెకండ్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తేల్చింది ఇదే. ఆ తీర్పు రాసిన సోనియా సోటోమేయర్ తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇంకా ఉద్యోగంలోనే చేరని కుర్రాడికీ సంఘం ఒప్పుకున్న షరతులు వర్తిస్తాయన్నది దాని సారం. 2011లో సంఘం పెద్దలు ఆ అధికారాన్నే వాడారు. బల్ల దగ్గర చోటు లేనివాళ్ల జీతం కోసి, మిగిలింది సీనియర్లకు చేరుతుందన్నారు. అది సీనియర్లందరికీ చేరలేదనే నేనంటాను. చవకగా దొరికే కొత్తవాళ్లున్నప్పుడు ఏడెనిమిదేళ్ల అనుభవమున్న లైన్‌మన్‌ని ఏ క్లబ్ అట్టిపెట్టుకుంటుంది? మిగిలిన డబ్బు తాళం ఊడిన క్వార్టర్‌బ్యాక్‌ల దగ్గర పోగుపడింది.

బ్రాక్ పర్డీనే చూడండి. 2022 డ్రాఫ్ట్‌లో 262వ, అంటే ఆఖరి ఎంపిక. పది లక్షల డాలర్ల లోపు జీతంతో 2023 సీజన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోను ఫైనల్ మ్యాచ్ సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు. మర్నాడే జీతం పెంచాలని క్లబ్ అనుకున్నా నిబంధన ఒప్పుకోదు. 2025లో వీలు చిక్కగానే ఐదేళ్లకు 26.5 కోట్లు. మూడేళ్లు అణచిపెట్టిన ధర ఒక్కసారిగా పైకి లేస్తే దాన్ని ఆటగాడి దురాశ అనడం అన్యాయం. ఏటా కొంత కొంత పెంచే వీలుంటే అతని అసలు స్థాయి క్లబ్‌కీ తెలిసేది. ఒక్క సంతకంతో ఇంత మోత మోగేది కాదు.

తొలి కాంట్రాక్టు ముగిసినా బజారు తెరుచుకోదు, ట్యాగ్ అడ్డం వస్తుంది. కిర్క్ కజిన్స్‌కి వాషింగ్టన్ 2016లో ట్యాగ్ కింద దాదాపు 2 కోట్లు, 2017లో 20 శాతం పెంచి 2.39 కోట్లు ఇచ్చింది. మూడోసారి 44 శాతం పెంపు, 3.45 కోట్లు. అక్కడ చేతులెత్తేసింది. 2018లో బయటికొచ్చిన కజిన్స్‌కి వైకింగ్స్ మూడేళ్లకు 8.4 కోట్లు, ప్రతి డాలరూ గ్యారంటీగా రాసిచ్చింది. అక్కడ ఆరేళ్లలో అతను గెలిపించిన ప్లేఆఫ్ మ్యాచ్ ఒక్కటి. ఆ స్థాయి ఆటగాడు కట్లు తెంచుకుని బజారులోకి రావడమే అరుదు కాబట్టి ఆ ధర పలికింది. పదిమందిని కట్టేసి, మిగిలిన ఒక్కడికి ధర ఎక్కువైందని యజమానులు వాపోతే వినాల్సిన పనిలేదు.

ఐపీఎల్‌తో పోలిక కూడా ఇక్కడే దెబ్బతింటుంది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో స్థిరపడిన తెలుగువాళ్లకు కౌబాయ్స్ సొంత ఊరి జట్టే. 2024లో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ ప్రెస్కాట్‌కి ఏడాదికి 6 కోట్ల డాలర్లన్న వార్త పక్కన, ఐపీఎల్‌లో రిషభ్ పంత్‌కి పలికిన 27 కోట్ల రూపాయలను పెట్టి చూడటం సహజం. కానీ పంత్ కోసం వేలంలో ఏ ఫ్రాంచైజీ అయినా పాడొచ్చు. ప్రెస్కాట్ మాట్లాడింది ఒక్క క్లబ్‌తోనే. తనకు మళ్లీ ట్యాగ్ తగిలించకూడదని 2021 కాంట్రాక్టులోనే రాయించుకున్నాడు కనుక అతని మాట చెల్లింది.

క్యాప్‌లో 13 శాతానికి మించి క్వార్టర్‌బ్యాక్‌కి పోస్తే సూపర్ బౌల్ రాదన్న సూత్రం మరొకటి తిరుగుతోంది. 1994 సీజన్‌లో ట్రోఫీ గెలిచిన క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ యంగ్ క్యాప్ వాటా నుంచి పుట్టిన ఆ సూత్రం 2022 సీజన్‌తో పోయింది. కాన్సస్ సిటీ క్యాప్‌లో ఆ ఏడు ప్యాట్రిక్ మహోమ్స్ వాటా 17 శాతం, ట్రోఫీ కూడా వాళ్లదే. పైగా సైనింగ్ బోనస్‌ను ఐదేళ్ల దాకా పరిచి రాసుకునే లెక్కలో ఏదో ఒక ఏడాది శాతం పట్టుకుని ఏం తేలుస్తాం?

సాధారణ క్వార్టర్‌బ్యాక్‌కి పెద్ద మొత్తం ఇవ్వడంలో అర్థం ఉంది. గ్యారంటీ రెండేళ్లకు మించకూడదు, బోనస్‌ను రాబోయే సంవత్సరాల నెత్తిన రుద్దకూడదు, అంతే. 2023లో 22.48 కోట్లున్న క్యాప్ 2025కి 27.92 కోట్లయింది, సంతకం నాడు భయపెట్టిన అంకె రెండేళ్లలో మామూలైపోతుంది. బేకర్ మేఫీల్డ్‌ని టాంపా బే 2023లో ఒక ఏడాదికి చవకగా పరీక్షించి, 2024లో మూడేళ్లకు 10 కోట్లు ఇచ్చింది. సామ్ డార్నాల్డ్ మిన్నెసోటాలో కోటి డాలర్ల జీతానికి 14 మ్యాచ్‌లు గెలిపించాక, 2025లో సియాటిల్ నుంచి మూడేళ్లకు 10.05 కోట్లు తీసుకున్నాడు. ఇద్దరూ జట్టు జట్టూ తిరిగి, బజారులో తేలినవాళ్లు. మధ్యస్థాయి క్వార్టర్‌బ్యాక్‌కి నికరమైన ధర ఏదంటే అదే. నాలుగో ఏటి బేరాల్లో అది పలకదు, ఎందుకంటే అక్కడ కొనేవాడూ ఒక్కడే, అమ్మేవాడూ ఒక్కడే.

ఇప్పటి ఒప్పందం 2030 సీజన్‌తో ముగుస్తుంది. క్వార్టర్‌బ్యాక్ జీతానికి విడిగా పరిమితి పెట్టాలన్న మాట అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంది. సంఘం దానికి తలూపితే క్లారెట్ తీర్పు ఆ పరిమితినీ కాపాడుతుంది, 2011 తప్పు రెండోసారి జరుగుతుంది. సంఘం నేరుగా దీనికి ఎదురు అడగాలి: కొత్తవాళ్ల కాంట్రాక్టును రెండో సీజన్ తర్వాత తిరగరాసే వీలు, ట్యాగ్ ఒక ఆటగాడికి ఒక్కసారి మాత్రమే. ఆ రెండూ ఉండి ఉంటే పర్డీకి సూపర్ బౌల్ ఆడిన ఏడాదే తగిన జీతం దక్కేది. కజిన్స్ ఏడాది ముందే బజారులోకి వచ్చేవాడు. నాలుగో ఏట ఒక్క మంచి సీజన్ చూసి జోన్స్ మీద 8 కోట్ల గ్యారంటీ పందెం కాయాల్సిన అవసరం జెయింట్స్‌కి ఉండేది కాదు.