దేహంలో దాగిన దుఃఖం

‘గుండె చెరువైంది’, ‘కాళ్ళూ చేతులూ ఆడలేదు’, ‘నోట మాట రాలేదు’, ‘కడుపు తరుక్కుపోయింది’ అని దుఃఖ సమయంలో మన పెద్దలు అంటూ ఉంటారు. వీటిలో ఒక్కటైనా మనస్సు పేరెత్తదు. అన్నీ శరీరాన్నే చెబుతాయి. మనోవేదన దేహంలోనే కాపురముంటుందన్న సత్యం మన నుడికారంలోనే ఇమిడి ఉంది. ఈ సత్యాన్ని చేరుకోవడానికి ఒక పాశ్చాత్య మనోవైద్యుడు నడిచిన దారి ఆస్తిక కుటుంబాలవారు తెలుసుకోదగినది.

బెసెల్ వాన్ డెర్ కోల్క్ 1943లో నెదర్లాండ్స్‌లో జన్మించి, అమెరికాలో వైద్యవిద్య నభ్యసించారు. 1978లో బోస్టన్ నగరంలో మాజీ సైనికుల వైద్యశాలలో చేరారు. వియత్నాం యుద్ధం ముగిసి ఏళ్ళు గడిచినా అక్కడికి వచ్చే సైనికులకు ఆ యుద్ధం ముగియలేదు. చిన్న శబ్దానికే ఉలికిపడేవారు. రాత్రులు పీడకలలతో మేల్కొనేవారు. వారిలో ఒకరు నిద్రకు ఇచ్చిన మాత్రలను వేసుకోలేదు. కారణమడిగితే, ఆ కలలు ఆగిపోతే చనిపోయిన తన మిత్రులను విడిచిపెట్టినట్లవుతుందని చెప్పారట. ఆ మాట ఈ వైద్యుని జీవితాన్నే మలుపు తిప్పింది. ఈ స్థితికి ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ అని పేరు పెట్టి, అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో వ్యాధుల పట్టికలో చేర్చింది.

ఆయన మొదట మందులపై పరిశోధన చేశారు. మాటలతో చేసే చికిత్సనూ సాగించారు. రెండింటివల్లా మేలు కలిగినా, కొందరికి అది చాలలేదు. 1990వ దశకంలో మెదడును చిత్రించే యంత్రాలు ఒక కారణాన్ని చూపాయి. పాత భయం మళ్ళీ ముంచుకొచ్చిన క్షణంలో, మాటను పలికించే మెదడు భాగం మందగిస్తున్నది. ‘నోట మాట రాలేదు’ అనడం అతిశయోక్తి కాదన్నమాట. మాటే అందని చోట మాటతో వైద్యమెలా సాగుతుంది? ఈ ప్రశ్నే ఆయనను శ్వాస వైపు, దేహం వైపు, చివరకు యోగం వైపు నడిపించింది.

ఆయన బృందం దీర్ఘకాలంగా చికిత్సకు లొంగని బాధతో ఉన్న 64 మంది స్త్రీలపై అధ్యయనం జరిపి 2014లో ప్రకటించింది. ఒక బృందానికి పది వారాలు యోగం, మరొక బృందానికి ఆరోగ్య విషయాల బోధన. చివరికి యోగం చేసిన 31 మందిలో 16 మంది, బోధన విన్న 29 మందిలో 6గురు ఆ వ్యాధి లక్షణాల పరిధి దాటి బయటపడ్డారు. ఆ యోగశిక్షణలో గురువు ఆజ్ఞాపించడు. ‘వీలైతే చేసి చూడండి, ఇబ్బందైతే ఆపండి’ అంటాడు. తన దేహంపై తనకు అధికారం లేదని కుమిలిపోయినవారికి ఆ అధికారాన్ని తిరిగి అప్పగించడమే అక్కడి చికిత్స. ఆయన ప్రతిపాదనలన్నిటినీ తోటి శాస్త్రజ్ఞులందరూ అంగీకరించలేదు. యోగం కూడా అక్కడ వైద్యానికి తోడుగా నిలిచినదే గాని, వైద్యాన్ని తొలగించి వచ్చినది కాదు.

ఇది వినగానే ‘మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు’ అని తృప్తిపడడం సులభం. చెప్పిన మాట నిజమే. విక్షేపం చెందిన చిత్తంతో పాటు దుఃఖం, దిగులు, అవయవాల వణుకు, ఉచ్ఛ్వాస నిశ్వాసల అలజడి పుట్టుకొస్తాయని పతంజలి మహర్షి మొదటి పాదంలోనే సూత్రీకరించారు. కురుక్షేత్రంలో అర్జునునికి నోరెండిపోయింది, ఒళ్ళు కంపించింది, గాండీవం చేజారింది. తైత్తిరీయోపనిషత్తు అన్నమయం మొదలు ఆనందమయం వరకు అయిదింటిని ఒకదానిలో ఒకటిగా చూపింది. కానీ చెప్పిన దానిని మనం ఆచరిస్తున్నామా?

ఆలయానికి వచ్చేవారిలో ఇటువంటి బాధితుల తల్లిదండ్రులు ఎందరో ఉంటారు. ‘పిల్ల నెలల తరబడి నిద్రపోవడం లేదు స్వామీ, ఎవరితోనూ మాట్లాడదు, ఒక రక్ష కట్టండి’ అంటారు. వైద్యునికి చూపించారా అని అడిగితే తల దించుకుంటారు. నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావన్న భయం! ఇంట్లోనేమో ‘ధైర్యంగా ఉండు’ అని ఒకరు, ‘పూర్వజన్మ కర్మ’ అని మరొకరు. కాలు విరిగినవాణ్ణి పరుగెత్తమన్నట్లే గదా!

చరక సంహిత సూత్రస్థానం పదకొండవ అధ్యాయంలో చికిత్సను మూడు విధాలుగా చెప్పారు. మంత్ర హోమాదులతో కూడినది దైవవ్యపాశ్రయం. ఆహార ఔషధాలతో కూడినది యుక్తివ్యపాశ్రయం. హాని చేసే విషయాల నుండి మనస్సును మరలించడం సత్త్వావజయం. మూడింటినీ ఒకే వరుసలో నిలిపిన శాస్త్రంలో మొదటిదాన్ని మాత్రమే పట్టుకొని మిగిలిన రెండింటినీ వదలడం శాస్త్రాన్ని ధిక్కరించడమే. అర్చన చేయించండి, తీర్థం ఇప్పించండి. ఆ చేతితోనే బిడ్డను వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. ఆయన ఇచ్చిన మందులను యోగం పేరుతోగాని, మొక్కు పేరుతోగాని సొంతంగా ఆపవద్దు. తీవ్రమైన బాధలో ఉన్నవారిని దీర్ఘ ధ్యానానికి, కఠిన ప్రాణాయామానికి బలవంతంగా కూర్చోబెట్టవద్దు. వైద్యుని సలహాతో, తగిన గురువు వద్ద, కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. ఎవరిని అడగాలో తెలియనివారికి కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ ఉంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

భగవంతుడు అర్జునుణ్ణి చూసి సిగ్గుపడి రథాన్ని ఇంటికి మళ్ళించలేదు. నీ కర్మ అని వదిలివేయనూ లేదు. పక్కనే నిలిచి, అడిగిన ప్రతి సందేహాన్నీ ఓపికగా విన్నాడు. మన ఇంట ఒకరి చేతినుండి గాండీవం జారినప్పుడు ఆ సారథ్యం మనది.