రేవు తలుపులు రాత్రికి రాత్రి మూస్తే ఎలా?

కాకినాడలో బియ్యం ఓడ కదిలిందా, ఆగిందా అన్నది ముందు ఎగుమతిదారుకు తెలుస్తుంది, తర్వాత మిల్లరుకు. రైతుకు తెలిసేది కల్లంలో ధాన్యం బేరం కుదిరేటప్పుడే.

గోదావరి జిల్లాల మిల్లుల సరుకే కాదు, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, తెలంగాణ బియ్యం కూడా ఈ రేవుకే వస్తాయి. యాంకరేజి పోర్టు నుంచి బార్జీల మీద, డీప్ వాటర్ పోర్టులో నేరుగా ఓడకెక్కి బెనిన్, టోగో, సెనెగల్ లాంటి దేశాలకు పోతాయి.

2022 సెప్టెంబరులో కేంద్రం నూకల ఎగుమతి నిషేధించి, తెల్ల బియ్యంపై 20 శాతం సుంకం వేసింది. 2023 జూలై 20న తెల్ల బియ్యం ఎగుమతినే ఆపేసింది. అప్పటికి డెల్టాలో నారుమళ్లు పోశాం, నాట్లు సాగుతున్నాయి. ఏ రకం వేయాలో మళ్లీ ఆలోచించుకునే వీలు లేదు. ఆగస్టులో ఉప్పుడు బియ్యంపైనా 20 శాతం సుంకం పడింది. నిషేధం తీసేసరికి 2024 సెప్టెంబరు 28 అయింది. అంటే 14 నెలలు.

సుంకాన్ని ఎగుమతిదారు తన లాభంలోంచి కట్టడు, మిల్లుకిచ్చే ధరలో కోస్తాడు. మిల్లరు తేమ పేరుతో, తరుగు పేరుతో మన ధరలో కోస్తాడు. మనం ఎవరి దగ్గర కోయాలి?

బియ్యం ధర పెరగకూడదన్న మాటను మేం కాదనం. కూలీలు, కౌలు రైతులు కూడా బియ్యం కొనుక్కునే తింటున్నారు. అయితే ఆ భారం ఖజానా మోయాలి గాని రైతు కాదు. 2025-26కు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, 75 కిలోల బస్తాకు 1,777. ఎగుమతి ఆపిన ఏడాదైనా ఆ ధర చేతికి రావాలి.

అందుకే మేం అడుగుతున్నవి ఇవి. ఎగుమతి విధానాన్ని విత్తనం వేసే ముందే ప్రకటించాలి, పంట చేతికొచ్చేదాకా మార్చకూడదు. మార్చక తప్పకపోతే నష్టాన్ని కేంద్రమే భరించాలి. మద్దతు ధరకు చట్టం చేయాలి. 2025 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ఇదే కాకినాడ నుంచి ఫిలిప్పీన్స్‌కు బియ్యం పంపింది. మన ప్రభుత్వమూ రైతుల దగ్గర నేరుగా కొని ఓడకెత్తించాలి.

ఈ నాలుగు కోర్కెలనూ ప్రతి గ్రామ శాఖలో చర్చించి, తీర్మానం చేసి, కొనుగోళ్లు మొదలయ్యేలోపే అధికారులకు అందజేయాలని కోరుతున్నాం.