స్మారక వెండి నాణేలు: లాభం ఎవరికి?

వెండికి తేజీ వచ్చినప్పుడల్లా బులియన్ బజారు పక్కనే మరో చిన్న బజారు మేలుకుంటుంది. అది స్మారక నాణేల బజారు. 2025లో కిలో వెండి లక్షన్నర దాటిన తరువాత ఈ బజారుకూ ఊపు వచ్చింది. టంకశాలలో నాణేలు బుక్ చేసుకుని, కొంతకాలం బీరువాలో ఉంచి అమ్మితే నాలుగు డబ్బులు మిగులుతాయన్న మాట చిరుద్యోగుల మధ్య, పింఛనుదారుల మధ్య తరచు వినిపించేదే. ఇందులో నిజం కొంత, ఆశ మరికొంత. రెంటినీ విడదీయడానికి కాగితం, పెన్సిలు చాలు.

తెలుగువారికి బాగా తెలిసిన నాణేన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. నందమూరి తారక రామారావు శతజయంతి సందర్భంగా 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేసిన 100 రూపాయల నాణెం హైదరాబాదు టంకశాలలో తయారైంది. బరువు 35 గ్రాములు. అందులో వెండి సగమే. 40 శాతం రాగి, మిగిలిన పదిలో నికెల్, జింకు చెరి సగం. అంటే నికరమైన వెండి 17.5 గ్రాములు. పెట్టెను బట్టి ధర నాలుగు వేల పైచిలుకు నుంచి ఐదు వేల లోపు నిర్ణయించారు. అప్పట్లో వెండి కిలో 75 వేల ప్రాంతంలో ఉంది. ఆ లెక్కన నాణెంలోని వెండి విలువ 1,312 రూపాయలు. మిగతాదంతా పనితనానికి, పెట్టెకు, ఎన్టీఆర్ బొమ్మకు.

బొమ్మకు విలువ లేదని ఎవరూ అనరు. ఒక్క నాణెం కొని పూజగదిలో పెట్టుకున్న అభిమానికి నష్టం లేదు, ఎందుకంటే అతడు లాభానికి కొనలేదు. చిక్కంతా పది నాణేలు ఒకేసారి కొన్నవాడికి. ఒక్కొక్కటి 4,050 చొప్పున అతడు 40,500 రూపాయలు మదుపు పెట్టాడనుకుంటే చేతికి వచ్చిన వెండి 175 గ్రాములు. కిలో లక్షన్నరకు చేరిన నాడు దాని విలువ 26,250. వెండి ధర రెట్టింపైనా లోహం లెక్కన అతనికి అసలే రాలేదు. అసలు రావాలంటే కిలో 2 లక్షల 31 వేలు పలకాలి. అదే సొమ్ముతో 75 వేల ధర మీద కడ్డీ కొన్నవాడికి 540 గ్రాములు వచ్చేది, లక్షన్నర ధరకు 81 వేలు పలికేది. పన్ను, వర్తకుని తరుగు తీసివేసినా తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నాణెం వానికి అసలు దక్కే ధర వచ్చేనాటికి కడ్డీ వాడు మూడింతలు చూసి ఉంటాడు.

పైగా ఆ వెండిని బయటికి తీసే దారి కూడా లేదు. 2011 నాణేల చట్టం ప్రకారం నాణెం కరిగించడం నేరం. కనుక సికిందరాబాదు పాట్ మార్కెట్‌కో, ప్రొద్దుటూరుకో పట్టుకెళ్లి తూకానికి అమ్మదలచుకున్నవాడు ముందు చట్టం సంగతి చూసుకోవాలి. ఇక మిగిలిన కొనుగోలుదారు మరొక సేకరణదారుడే. అతడు ఇచ్చే ధర వెండిని బట్టి ఉండదు, ఎన్ని నాణేలు అచ్చయ్యాయన్న దానిని బట్టి ఉంటుంది. గిరాకీ చూసి బుకింగులు మళ్లీ తెరిస్తే నిన్నటి అరుదైన సరుకు నేడు మామూలు సరుకవుతుంది. విడుదలైన తొలి వారాల్లో కొని, ఆ వేడి చల్లారక ముందే అమ్మిన చురుకైన వర్తకుడు లాభపడవచ్చు. ఆ లాభం సమకూర్చేది ఆలస్యంగా వచ్చి కొన్నవాడే.

నిల్వ సంగతి మరొకటి. 40 శాతం రాగి ఉన్న మిశ్రమం గాలి తగిలితే మకిలి పడుతుంది. ఇంట్లో వెండి కుందులు తోమినట్టే దీన్నీ చింతపండుతో తోమితే తళతళలాడుతుంది, కాని సేకరణదారుని దృష్టిలో అక్కడితో దాని ధర పోయినట్టే.

పాత నాణేల మీద లాభం వచ్చిన వారు లేరా అంటే ఉన్నారు. 1969లో గాంధీజీ శతజయంతికి వెలువడిన 10 రూపాయల నాణెం 15 గ్రాములు, 80 శాతం వెండి. అంటే 12 గ్రాముల వెండి. కిలో లక్షన్నర ధరకు అది 1,800 రూపాయల లోహం. అయితే అది ముఖవిలువకే జనం చేతికి వచ్చిన నాణెం. వెండి పడిపోయినా పది రూపాయలు ఎక్కడికీ పోవు. ఇంతా చేసి 56 ఏళ్లకు చక్రవడ్డీ లెక్క కడితే ఏడాదికి సుమారు 9.7 శాతమే తేలుతుంది. కెనడా టంకశాల 2011లో 20 డాలర్ల వెండి నాణేన్ని సరిగ్గా 20 డాలర్లకే అమ్మిన పథకంలోనూ కొన్నవారికి అటువంటి రక్షణే ఉంది. మన 100 రూపాయల నాణేన్ని నాలుగు వేలకు కొన్నవాడికి ముఖవిలువ ఇచ్చే రక్షణ వంద రూపాయలే.

వెండి మందీ ఎంత కఠినంగా ఉంటుందో 1980 చెబుతుంది. ఆ జనవరిలో ఔన్సు 50 డాలర్ల అంచుకు ఎగబాకిన ధర మార్చి 27 నాటికి 11 డాలర్ల లోపుకు దిగింది. కడ్డీ ఉన్నవాడు ఆ రోజునైనా ఏదో ఒక ధరకు అమ్ముకోగలిగాడు. స్మారక నాణేనికి అటువంటి రోజున బేరమే రాదు.

ప్రభుత్వ రంగంలోని టంకశాల ఈ విషయంలో చేయదగినది ఒకటుంది. నాణెంలో ఎంత వెండి ఉన్నదీ గెజిట్‌లో చెబుతున్నట్టే, మొత్తం ఎన్ని అచ్చువేస్తారో, మళ్లీ అచ్చువేస్తారో లేదో పెట్టె మీదనే ముద్రించాలి. నాలుగు వేలు చెల్లించేవాడికి ఆ అంకె తెలుసుకునే హక్కు ఉంది. అది ముద్రించేదాకా, కొనదలచినవారు ఆనాటి కిలో ధరను నాణెంలోని నికరమైన వెండితో గుణించి, వచ్చిన మొత్తాన్ని పెట్టె ధర పక్కన రాసి చూసుకుని ఆ తరువాతే డబ్బు కట్టడం మంచిది.