ఆది జాకెట్టు లేని సైకిల్

పోయిన ఫిబ్రవరిలో నా కుడిచేతి చిటికెన వేలు పదహారు రోజులు సెలవు పెట్టింది. వేలు ఉంది, కదులుతోంది, స్పర్శ మాత్రం లేదు. ఎంటర్ నొక్కానో లేదో స్క్రీన్ చూస్తేగానీ తెలిసేది కాదు. సెమికోలన్లు కొట్టుకుని బతికే మనిషికి ఇది చిన్న విషయం కాదండీ.

కారణం సైకిల్. బీఆర్ఎమ్‌ల గురించి వినే ఉంటారు. అవి రేసులు కావు, ఇచ్చిన దూరాన్ని ఇచ్చిన గడువులో తొక్కడమే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 600కు 40 గంటలు. నేను 300 తొక్కాను. 19 గంటల 10 నిమిషాలు పట్టింది. జడ్చర్ల దాటిన కాసేపటికే అరచేతి అంచు తిమ్మిరెక్కింది. చేతులు విదిలించుకుంటూ, హ్యాండిల్ ఒకసారి పైన, ఒకసారి కింద పట్టుకుంటూ ఎలాగో లాక్కొచ్చాను. మర్నాడు ఫిజియో దగ్గరికెళ్తే, అరచేతి అంచు మీదుగా చిటికెన వేలికి వెళ్లే అల్నార్ నరం గంటల తరబడి హ్యాండిల్ మీద నొక్కుకుపోయిందన్నారు. సైక్లిస్టుల్లో మామూలేనట. "ఈసారికి తగ్గిపోతుంది. మళ్లీ మళ్లీ ఇలాగే నొక్కితే ప్రతిసారీ తగ్గుతుందని నేను చెప్పలేను" అన్నారు.

నాకేమో 600 తొక్కాలని కోరిక. ఈ సైకిల్ మీదే తొక్కితే ఉద్యోగానికి నీళ్లొదులుకోవాలి. అదీ సంగతి.

ఇక్కడ నా ఎత్తు చెప్పాలి. 152 సెంటీమీటర్లు, అంటే ఐదడుగులు. నా సైకిల్ షాపులో దొరికిన అన్నిట్లోకీ చిన్న సైజు. "మేడమ్, మీకు పర్ఫెక్ట్" అని ఇచ్చారు. అది పర్ఫెక్ట్ ఎందుకు కాలేదో అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది, ఇంజనీరింగ్ చదివి కూడా.

ఒక మోడల్ ఐదారు సైజుల్లో వస్తుంది కదా. సైజు తగ్గేకొద్దీ ఫ్రేమ్ తగ్గుతుంది, చక్రం తగ్గదు. ఆరడుగుల మనిషికీ ఐదడుగుల మనిషికీ అదే 700సి చక్రం. ఒకే చక్రం అయితే కంపెనీకి లెక్క తేలిక. కానీ చిన్న ఫ్రేమ్‌లో అంత చక్రం పెడితే పెడల్ మీదున్న పాదానికి తగులుతుంది. తగలకూడదని హ్యాండిల్ కిందుండే హెడ్ ట్యూబుని ఇంకాస్త వాల్చి చక్రాన్ని ముందుకి తోస్తారు. సీటు కింది ట్యూబుని నిటారుగా లేపుతారు. దాంతో టాప్ ట్యూబ్ కాగితం మీద పొట్టిగా కనిపిస్తుంది. ఆహా, చిన్నవాళ్లకి చిన్న సైకిల్ అనుకుంటాం. అదంతా లెక్కల మాయ. సీటు ముందుకి జరిగింది కాబట్టి పొట్టిగా కనిపించింది, అంతే. కాళ్లకి సరిపోయే చోటికి సీటుని వెనక్కి జరిపితే హ్యాండిల్ మళ్లీ దూరమైపోతుంది. జరపకపోతే ఒంటి బరువంతా ముందుకొచ్చి చేతుల మీద పడుతుంది. నా చిటికెన వేలి కథ అక్కడ మొదలైంది.

ఇన్ని తిప్పలు పడ్డా నా బూటు చక్రానికి తగలడం మానలేదు. వేగంగా వెళ్లేటప్పుడు హ్యాండిల్ అంత తిరగదు కాబట్టి ఏమీ కాదు. నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడే ప్రమాదం. నార్సింగి దగ్గర సర్వీస్ రోడ్డులో యూటర్న్ తీసుకుంటూ, అల్లం చాయ్ తాగుతున్న నలుగురి ముందు, దాదాపు ఆగి ఉన్న సైకిల్ మీంచి పడ్డాను. లారీ గుద్దినా అంత సిగ్గనిపించేది కాదేమో.

కస్టమ్ సైకిల్ ఆలోచన అప్పుడొచ్చింది. అంతకుముందు నాకూ ఒక డ్రీమ్ బైక్ ఉండేది, అందరికీ ఉన్నట్టే. ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద ఆదివారం పొద్దున్నే మా బ్యాచ్ కలిస్తే సగం మాటలు వాటి గురించే. ఒకడికి బియాంకి వాళ్ల ఆకుపచ్చ నీలం కలిసిన ఆ చెలెస్తె రంగు కావాలి, లోపల ఏ ఫ్రేమ్ ఉన్నా సరే. ఇంకొకడికి టైటానియం కావాలి, పెయింటే వద్దంటాడు. నా ఫోన్ వాల్‌పేపర్ మాత్రం ఎడ్డీ మెర్క్స్ సైకిల్. 1972లో మెక్సికో సిటీలో ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టిన సైకిల్ అది. ఎర్నెస్టో కొల్నాగో చేశాడు. ఆరు కిలోలు కూడా ఉండదు. బరువు తగ్గించడానికి చైన్‌కి కూడా రంధ్రాలు చేశారు. ఒక్క మనిషి కోసం, ఒక్క గంట కోసం చేసిన సైకిల్. నాకు దానితో ఏం పని చెప్పండి? పడి లేచిన రోజు వాల్‌పేపర్ తీసేశాను.

బదులుగా వెతకడం మొదలుపెడితే జార్జీనా టెర్రీ దొరికింది. అమెరికాలో మెకానికల్ ఇంజనీర్. తనే ఫ్రేమ్‌లు చేయడం నేర్చుకుని, 1985లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఆడవాళ్ల సైకిళ్ల కంపెనీ పెట్టింది. పొట్టివాళ్ల కోసం ఆమె చేసిన సైకిల్ చూస్తే మనవాళ్లు నవ్వుతారు. వెనక మామూలు 700సి చక్రం, ముందు 24 అంగుళాల చిన్న చక్రం. కానీ లెక్క చూడండి. ముందు చక్రం చిన్నదైతే పాదానికి చోటు దొరుకుతుంది, హ్యాండిల్ దగ్గరికొస్తుంది, ట్యూబుల్ని ఎటూ వంచక్కర్లేదు. నేను పుట్టకముందే పరిష్కారం ఉంది. నేను మాత్రం రెండేళ్లు నా చేతులు బలహీనమనుకున్నాను. జిమ్‌లో ప్లాంకులు కూడా వేశాను!

మన దేశంలోనే ఒకాయన చిన్న వర్క్‌షాపులో స్టీల్ ఫ్రేమ్‌లు చేస్తారని తెలిసి వీడియో కాల్ చేశాను. ఆయన మొదటి ప్రశ్న, "మీకేం కావాలి?"

"కంఫర్టబుల్‌గా ఉండాలి" అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆరేళ్లుగా నేను క్లయింట్ల మీద పళ్లు కొరికేది ఈ మాటకే. "యాప్ యూజర్ ఫ్రెండ్లీగా ఉండాలండీ" అంటారు. అంటే ఏంటో వాళ్లకీ తెలియదు. చేసి చూపించాక "ఇది కాదు" అని మాత్రం బాగా తెలుస్తుంది. ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. ఆయన విసుక్కోకుండా ఒక్కొక్కటే అడిగారు. ఎంత దూరం తొక్కుతారు, రాత్రి తొక్కుతారా, మడ్‌గార్డులు కావాలా, బ్యాగు ముందు పెడతారా వెనకా, అన్నిటికన్నా ముందు ఎక్కడ నొప్పి మొదలవుతుంది, ఎన్నో గంటలో. ఆ చివరి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అరచేయి అనుకున్నాను గానీ, బాగా గుర్తుచేసుకుంటే ముందు మెడ పట్టేస్తోంది. రెండేళ్లు తొక్కి కూడా నా ఒంటి గురించి నాకు తెలిసింది ఇంతే.

తర్వాత కొలతలు. కాలి లోపలి పొడవు, చేతి పొడవు, భుజాల వెడల్పు. వాటికన్నా ముఖ్యంగా ఇప్పుడున్న సైకిల్ కొలతలు అడిగారు. పెడల్ నుంచి సీటు ఎంత ఎత్తు, సీటు ఎంత వెనక్కి, హ్యాండిల్ ఎంత దూరం, ఎంత కిందికి.

అమ్మకి ఇదంతా ఫోన్లో చెబితే ఒక్క ముక్కలో తేల్చేసింది. "ఓస్, ఆది జాకెట్టు అడిగాడన్నమాట."

సరిగ్గా అదే. తెనాలిలో మా వీధి చివర టైలరుగారు టేపు పెట్టి కొలవరు. ఆది జాకెట్టు తీసుకురా అంటారు. ఒంటికి బాగా కుదిరిన పాత జాకెట్టు ఇస్తే దాన్ని చూసి కొత్తది కుడతారు. మా అమ్మ పదేళ్లుగా ఒకటే ఆది ఇస్తోంది. కానీ నా దగ్గరున్న ఆదే కుదరలేదు కదా! బిగుతుగా ఉన్న జాకెట్టు ఆదిగా ఇస్తే కొత్తదీ బిగుతుగానే వస్తుంది. అందుకే ఆయన, ముందు డబ్బులిచ్చి ఒక మంచి ఫిట్టర్ దగ్గర బైక్ ఫిట్ చేయించుకోండి, ఈ సైకిల్‌నే ఎంతవరకు సరిచేయొచ్చో చేసి, మూడు నెలలు తొక్కి, అప్పుడు రండి అన్నారు. అడ్వాన్సు పుచ్చుకోకుండా పంపించేశారు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

ఫిట్టర్ సీటు వెనక్కి జరిపారు, హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే స్టెమ్‌ని దొరికినంతలో పొట్టిది వేశారు. తిమ్మిరి సగం తగ్గింది. ఇక మార్చడానికి ఏమీ మిగల్లేదు. మీ ఎత్తు 165 నుంచి 180 మధ్యలో ఉంటే మీ సమస్య ఇక్కడితోనే తీరిపోయే అవకాశం ఎక్కువ. స్టెమ్‌తో పోయేదానికి లక్షలు పోయకండి.

మూడు నెలల తర్వాత డ్రాయింగ్ వచ్చింది. 650బి చక్రాలు. రిమ్ము 38 మిల్లీమీటర్లు చిన్నది, అంటే పాదం వైపు 19 మిల్లీమీటర్ల చోటు. ఇంకా పొట్టి క్రాంకులు. సీటు ట్యూబ్ ఉండాల్సిన వాలులోనే ఉంది. ట్యూబులు రెనాల్డ్స్‌వి, అతికే చివర్లలో మందంగా, మధ్యలో పల్చగా ఉండే రకం. ఈ కిటుకుకి వాళ్లు 1897లోనే పేటెంట్ తీసుకున్నారు. నేను 47 కిలోలే కాబట్టి ఇంకా పల్చటివి ఎంచుకున్నారట. షాపు ఫ్రేమ్ నన్నూ, నాకు రెట్టింపు బరువున్నవాళ్లనీ ఒకేలా మొయ్యాలి. దీనికి ఆ బాధ లేదు.

డ్రాయింగ్ కింద ఒక వాక్యం ఉంది. దీనికి మీరు ఓకే అన్నాక కొలతల బాధ్యత మీదే.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. డబ్బు సంగతి సరేసరి, ఫ్రేమ్, ఫోర్క్ కలిపి లక్షా పది వేలు, చక్రాలూ క్రాంకులూ ఇంకో నలభై అయిదు. సగం ముందే కట్టాలి. ఒక్క మనిషి నడిపే వర్క్‌షాపు. ఆయనకి జ్వరమొస్తే పని ఆగుతుంది, మూసేస్తే నా అడ్వాన్సు దేవుడికి దండం. తొక్కి చూసి కొనడానికి లేదు, ఎందుకంటే ఆ సైకిల్ ఇంకా పుట్టలేదు. నచ్చకపోతే అమ్మడానికీ లేదు, నా ఎత్తుండి, నా అంత చేతులుండి, 600 తొక్కాలనుకునే అమ్మాయి ఓఎల్ఎక్స్‌లో ఎక్కడ దొరుకుతుంది? ఇవన్నీ భరించొచ్చు. నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి. ఇన్నాళ్లూ నొప్పొస్తే కంపెనీని తిట్టుకున్నాను. ఇది నా కొలతలతో, నేను చెప్పిన జవాబులతో, నేను ఓకే అన్న సైకిల్. దీనిమీద కూడా వేలు తిమ్మిరెక్కితే? అప్పుడు ఎవర్ని తిట్టాలి? ఒకవేళ తేడా సైకిల్‌లో కాకుండా నాలోనే ఉంటే?

మెర్క్స్ గుర్తొచ్చాడు మళ్లీ. 1969లో బ్లోవాలో ట్రాక్ మీద ఘోరంగా పడ్డాడు, నడుము దెబ్బతింది. ఆ తర్వాత సైకిళ్లన్నీ ఆయన కొలతలకే చేసినా, సీటు ఎత్తు మారుస్తూనే ఉండేవాడు. రేసు మధ్యలో కూడా. అంత గొప్ప మనిషికే ఒక్క కొలత నిలవలేదు.

మర్నాడు అమ్మ ఫోన్. "కుదిరిందా?"

"డ్రాయింగ్ వచ్చిందమ్మా. ఓకే అనాలంటే భయంగా ఉంది. నా ఒళ్లు రేపు మారితే?"

"లోపల గుడ్డ వదలమన్నావా మరి?"

"సైకిల్‌కి గుడ్డేంటమ్మా!"

"ఏమో నాకేం తెలుసే. ఒళ్లు చేస్తే కుట్టు విప్పుకోడానికి రెండు వేళ్ల గుడ్డ లోపల పెట్టకుండా ఏ టైలరూ కుట్టడు. లక్ష తీసుకునేవాడు ఆ మాత్రం పెట్టడా?"

ఫోన్ పెట్టేసి డ్రాయింగ్ మళ్లీ తెరిచాను. స్టెమ్ 50 మిల్లీమీటర్లు. అంటే ఇప్పుడే చివరి కుట్టు మీదున్నాం, ఇంకా పొట్టి చేద్దామంటే సందు లేదు. హ్యాండిల్ కింద స్పేసర్లు ఒక్కటీ లేవు, కాబట్టి కిందికి దించడానికీ లేదు. ఆయనకి మెసేజ్ పెట్టాను, ఫ్రేమ్ ఇంకాస్త పొడవు తగ్గించి స్టెమ్ 70 పెట్టొచ్చా, అప్పుడు 50కీ 90కీ రెండు వైపులా జరుపుకోవచ్చు కదా, కింద 20 మిల్లీమీటర్ల స్పేసర్లు కూడా వదలండి అని. గంటలో జవాబొచ్చింది. పొడవు తగ్గిస్తే పాదం దగ్గర చోటు కొంచెం పోతుంది, కానీ పొట్టి క్రాంకులున్నాయి కాబట్టి బూటు ఇంకా తగలదు, చేయొచ్చు అన్నారు. కింద ఇంకో ముక్క, "గుడ్ క్వశ్చన్ మేడమ్, సైక్లిస్టులు ఇది అడగరు." ఈ ప్రశ్న ఎవరు నేర్పారో ఆయనకి చెప్పలేదు.

సోమవారం అడ్వాన్సు కట్టాను. రంగు ఇంకా తేలలేదు. ఆదివారం బ్యాచ్‌లో ఓటింగ్ పెడితే పదకొండు మంది పన్నెండు రంగులు చెప్పారు. డెలివరీ సంక్రాంతికి ఇస్తానన్నారు. ఆ మాట అమ్మకి చెబితే పెద్దగా నవ్వింది.

"సంక్రాంతికి అన్నాడా? అయితే ఉగాదికి చూసుకో."