బల్ల మీద భద్రాచలం రోడ్

భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. రామయ్య గుడి అక్కడికి నలభై కిలోమీటర్ల దూరాన, గోదావరికి అవతలి ఒడ్డున ఉంది. మన రైల్వే వాడుకలో ఊరి పేరు పక్కన ‘రోడ్’ అని ఉంటే, రైలు ఇక్కడిదాకే, మిగతా దారి మీరు చూసుకోవాలి అని అర్థం. ఇంట్లో మోడల్ రైల్వే కట్టాలనే ఆసక్తి ఇప్పుడు మన చిన్న పట్టణాల్లోనూ కనిపిస్తోంది. అలా కట్టదలచినవారు, ముఖ్యంగా ఖమ్మం, కొత్తగూడెం, ఇల్లెందు, పాల్వంచ ప్రాంతాలవారు, డబ్బాతో పాటు వచ్చే ఆల్ప్స్ కొండలను పక్కనపెట్టి డోర్నకల్ నుంచి భద్రాచలం రోడ్ దాకా వెళ్లే ఈ లైనునే కట్టాలన్నది నా వాదన. సొంత ఊరి మీద మమకారం ఒక్కటే దీనికి కారణం కాదు. చూసి, కొలిచి, అడిగి తెలుసుకోగలిగిన చోటును కట్టినప్పుడే ఈ వ్యాపకం విద్య అవుతుంది. బొమ్మ మీది బొమ్మను చూసి కడితే అది అలంకరణ దగ్గరే ఆగిపోతుంది.

మొదటి అభ్యంతరం సామాను గురించి వస్తుంది. మన ఇంజిన్లు, మన పెట్టెలు అంగట్లో తేలిగ్గా దొరకవు. దొరికేవి చాలావరకు యూరప్, అమెరికా నమూనాలే. కొలతల్లోనూ చిక్కుంది. ప్రపంచంలో ఎక్కువ మంది వాడే హెచ్‌ఓ స్కేలులో 87 మీటర్లు ఒక మీటరుకు కుదించుకుపోతాయి. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు కాబట్టి ఆ లెక్కన 19.3 మిల్లీమీటర్ల పట్టా కావాలి. అమ్మేది మాత్రం 16.5 మిల్లీమీటర్లది, ఎందుకంటే అది 1435 మిల్లీమీటర్ల విదేశీ గేజ్‌కు తయారైంది. అంటే మన రైలును ఆ పట్టా మీద నిలబెడితే దాని కాళ్లు కాస్త దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ లోపాన్ని ఒప్పుకుని ముందుకు పోవడమే మంచిదని నా అభిప్రాయం. పట్టాలు, చక్రాలు, మోటారు కొనుక్కోవచ్చు. పెట్టెల పైభాగాన్ని మందపాటి అట్టతోనో త్రీడీ ప్రింటర్‌తోనో చేసుకోవచ్చు. ఇక స్టేషన్, క్యాబిన్, సింగరేణి క్వార్టర్లు, గేటు పక్క టీ బండి ఏ దేశంలోనూ అమ్మరు. అవి చేత్తో చేయాల్సినవే. చూసేవాళ్లు లైనును గుర్తుపట్టేది వీటివల్లే. పట్టాల మధ్య దాదాపు మూడు మిల్లీమీటర్ల తేడాను ఎవరూ స్కేలు పెట్టి చూడరు.

చోటు సంగతి మరింత కఠినమైనది. ఈ లైనును హెచ్‌ఓలో పూర్తిగా కడితే అర కిలోమీటరు దాటుతుంది. బొగ్గు తీసుకుపోయే 58 వ్యాగన్ల రేక్ ఒక్కటే నిజానికి 620 మీటర్ల పొడవు, బల్ల మీద ఏడు మీటర్లకు పైమాటే. పన్నెండు అడుగుల గదిలో ఇది కుదరదు. అందుకే ప్లాను గీయడమంటే ఏది వదిలేయాలో తేల్చుకోవడం. పది వ్యాగన్లతో రేక్ అనిపించవచ్చు. మధ్యలోని స్టేషన్లలో కారేపల్లి ఒక్కటి ఉంచితే చాలు, ఇల్లెందు దారి విడిపోయేది అక్కడే కనుక. ఒక చివర భద్రాచలం రోడ్, దాని పక్కన బొగ్గు ఎత్తే సైడింగ్ పెట్టాలి. రెండో చివర డోర్నకల్‌ను చూపించనక్కర్లేదు, ఒక పలుచని గోడ వెనక నాలుగు పట్టాలు వేసి రైళ్లను అక్కడ నిలిపితే సరిపోతుంది. సురభి నాటకాల్లో పాత్ర పక్కకు తప్పుకుని మరో వేషంలో వచ్చినట్టు, కారేపల్లి వైపు మాయమైన బొగ్గు రేక్ కాసేపటికి ఖాళీ వ్యాగన్లతో తిరిగి రావాలి. రైలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటే పది నిమిషాల్లో విసుగొస్తుంది. రైలుకు ఒక పని, ఆ పనికి ఒక వేళ ఉంటే ఏళ్ల తరబడి ఆసక్తి నిలుస్తుంది. ఈ లైనుకు ఆ పని పుట్టుకతోనే ఉంది. 1880ల చివర్లో నిజాం రైల్వే డోర్నకల్ నుంచి ఇల్లెందు వైపు పట్టాలు వేసిందే బొగ్గు కోసం, ఇల్లెందులో తవ్వకం మొదలైంది 1889లో. ప్రయాణికులు, యాత్రికులు ఆ బొగ్గు దారి మీద తర్వాత చేరినవారు.

నేను ఎక్కువ పట్టుబట్టేది రుతువు దగ్గర. విదేశీ ప్యాకెట్లలో వచ్చే పచ్చగడ్డి పొడి ఏడాది పొడవునా ఒకే పచ్చగా ఉండే నేలది. మన అడవి అంచు అలా ఉండదు. శ్రీరామనవమికి ముందు రోజులను ఎంచుకుంటే మంచిది. టేకు ఆకు రాల్చి బోడిగా నిలబడి ఉంటుంది కాబట్టి చెట్ల సందుల్లోంచి రైలు కనిపిస్తుంది. మోదుగ పూత చివరికొచ్చినా అక్కడక్కడా నిప్పుకణాల్లా మిగిలి ఉంటుంది. ఇప్పచెట్ల కింద పూలు రాలుతుంటాయి, తెల్లవారకముందే గూడెం ఆడవాళ్లు బుట్టలతో ఏరుకోవడానికి వస్తారు. ఖమ్మం వైపు పొలాల్లో మిరప కల్లాలు ఎర్రగా పరచి ఉంటాయి. పాల్వంచ, బూర్గంపహాడ్ దారిలో సారపాక కాగితం మిల్లును తలపించే జామాయిల్ తోటలు గీత గీసినట్టు వరసగా ఉంటాయి. అడవికీ తోటకీ తేడా చూపాలంటే బల్ల మీద అంతకంటే తేలిక మార్గం లేదు, ఒకటి చిందరవందరగా, ఒకటి వరసగా. స్టేషన్ బయట భద్రాచలం బస్సులు, వాటి వైపు తలంబ్రాల సంచులతో నడిచే జనం ఉంటారు. ఈ నేలకు రంగు కొనక్కర్లేదు. ఎర్రమట్టిని జల్లెడ పట్టి, సైడింగ్ దగ్గర నలగ్గొట్టిన బొగ్గు పొడి చల్లి, నీళ్లు కలిపిన ఫెవికాల్ చుక్కలు వేస్తే అదే అతుక్కుంటుంది. ఒక్క జాగ్రత్త అవసరం. కోయ గూడేన్ని కట్టేవాళ్లు నాట్య భంగిమలో కొమ్ములు తొడుక్కున్న బొమ్మలను నిలబెట్టి చేతులు దులుపుకోకూడదు. రోజువారీ గూడెంలో సైకిలు ఉంటుంది, సోలార్ దీపం ఉంటుంది, వారపు సంతకు వెళ్లే ఆటో ఉంటుంది.

అడవిని తిన్నదే ఈ బొగ్గు, దాన్ని ముద్దుగా బొమ్మ చేసి చూపడమేమిటని అడిగేవారుంటారు. ఇది బలమైన ప్రశ్న, తోసిపుచ్చదగింది కాదు. జవాబు ఒక్కటే, బొమ్మను నిజాయితీగా కట్టాలి. ఇల్లెందు చుట్టూ ఒకప్పటి భూగర్భ బావులు మూతపడి ఓపెన్‌కాస్ట్‌లు వచ్చాయి. లేఅవుట్‌లో బొగ్గు సైడింగ్ ఉంటే దాని వెనక, బొగ్గు కోసం పైనుంచి తవ్విపోసిన, చెట్టు మొలవని ఓబీ మట్టి గుట్ట కూడా ఉండాలి, దుమ్ము పట్టిన ఆకులూ ఉండాలి. అలా కట్టినది ఒక నమోదు అవుతుంది. ఇంగ్లండులో రాయ్ ఇంగ్లండ్ అనే ఆస్ట్రేలియా దేశస్థుడు ఇలాగే ఆలోచించాడు. వైట్ హార్స్ లోయ పల్లెల్లో గడ్డి కప్పుల పాత ఇళ్లు మాయమైపోతుంటే, ఒక్కొక్క ఇంటినీ కొలిచి 1920, 30ల నాటి రూపంలో చిన్నగా కట్టడం మొదలుపెట్టాడు. ఆ పని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని పెండన్ మ్యూజియంగా నిలిచింది. అక్కడ రైలు ఉంది, కానీ జనం వంగి చూసేది ఇళ్లను. మన వైపు ఆవిరి ఇంజిను పోయింది, పెంకుటిళ్ల క్వార్టర్లు తగ్గాయి, ఎన్నో ఇంక్లైన్లు (వాలుగా దిగే బొగ్గు బావులు) ఇప్పుడు పేర్లుగానే మిగిలాయి. ఆ బావుల్లో దిగినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. వైండింగ్ చక్రం ఎటు తిరిగేది, షిఫ్టు సైరన్ మోగే గది ఎక్కడ ఉండేది అని అడిగితే చెప్పగలరు. ఇరవై ఏళ్ల తర్వాత అడగడానికి వాళ్లు ఉండరు.

ఇది తెల్లవాళ్ల వేడుక, పిల్లల చదువు పాడుచేసే ఖర్చు అనే మాటలకు పెద్ద జవాబు అక్కర్లేదు. బొమ్మల కొలువులో మెంతులు మొలకెత్తించి పచ్చిక బయలు, అద్దంముక్కతో చెరువు, ఇసుకతో దారి చేసే ఇళ్లు మనవి. చిన్నదాన్లో పెద్దదాన్ని చూపడం మనకు కొత్తేమీ కాదు. చదువు మాటకొస్తే, రైలు చుట్టు తిరిగి అదే పట్టా మీదికి ఎదురుగా వచ్చేలా లూపు వేసి చూడండి, ఎడమ పట్టా కుడి పట్టాను కలిసి కరెంటు షార్ట్ అవుతుంది. అది ఎందుకో తనంతట తాను కనిపెట్టిన పిల్లకు సర్క్యూట్ పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు. అమెరికాలో ఎంఐటీ విద్యార్థుల మోడల్ రైల్వే క్లబ్ 1946 నాటిది. కంప్యూటర్ లోకంలో ‘హ్యాకర్’ అనే మాట వాడుకలోకి వచ్చిందే ఆ బల్ల కింది తీగల దగ్గర. ఖర్చు నిజమే, అందుకే ఒక్కరి గదిలో కన్నా ఒక హైస్కూలు గదిలో నలుగురు కలిసి ముక్కలు ముక్కలుగా కట్టుకోవడం మేలు.

కొత్తగూడెం ఎండ మాత్రం ఏ పుస్తకంలోని ప్లానునూ లెక్కచేయదు. పాతిక డిగ్రీల తేడాకు మీటరు పట్టా దాదాపు 0.4 మిల్లీమీటరు సాగుతుంది, కాబట్టి అతుకుల దగ్గర సందు వదలాలి. కింది చెక్క చెదలకు, వానాకాలపు తేమకు తట్టుకునేదై ఉండాలి, బల్ల కాళ్లు గోడకు ఆనకూడదు. ఇంకొకటి, భద్రాచలం రోడ్ దాటి మణుగూరు వైపు వెళ్లే చివర బోర్డు అంచును కొండతోనో గోడతోనో మూసేయకండి. ఆ దారిలోని పాండురంగాపురం నుంచి భద్రాచలం మీదుగా మల్కన్‌గిరికి 173.61 కిలోమీటర్ల కొత్త లైనును కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదించింది. అంచును నిటారుగా కోసి, రెండు బోల్టు రంధ్రాలు తొలిచి, పట్టాను చివరిదాకా తెచ్చి వదలండి. గోదావరిని తర్వాతి బోర్డు మీద కట్టాల్సి ఉంటుంది.