విత్తన శాసనము: అయిదువందల రూపాయల న్యాయము

ఏటేట తొలకరి వానలతోపాటు మన పల్లెలనుండి ఒక వార్తయు వచ్చుచుండును. ఒకచోట విత్తిన గింజ మొలవలేదట. మరియొకచోట మిరపతోట ఏపుగా పెరిగియు కాయ పట్టలేదట. వేరొకచోట ఒకే మడిలో వరి మూడు కాలములందు ఈనినదట. పత్రికలలో రెండు దినములు అచ్చుపడును. అధికారులు వచ్చి చూచి పోవుదురు. మూడవనాడు అందరును మరతురు. రైతు మాత్రము మరువడు. అప్పిచ్చినవాడు అతనిని మరువనీయడు.

దీనిని దైవికమని సరిపెట్టుకొనుటకు మేము సిద్ధముగా లేము. వాన కురియకుండుట దైవికము. కల్తీగింజను సంచిలో పోసి ముద్రవేసి అమ్ముట మనుష్యుడు చేసిన నేరము. ఆ నేరమునకు తగిన శాసనము మనకు లేదా? ఉన్నది. అది ఎట్టిదో పాఠకులు చిత్తగింతురు గాక.

మన పైరుల తనిఖీ శాసనములలో పాతది 1919 నాటి మదరాసు వ్యవసాయ చీడల, తెగుళ్ల చట్టము. ప్రభుత్వము ఏదేని చీడను ప్రకటించినచో, సోకిన మొక్కలను తొలగింపుమని అధికారి రైతునకు ఆజ్ఞ ఈయవచ్చును. రైతు చేయకున్నచో తానే చేనిలో ప్రవేశించి ఆ పని చేయించి, అయిన ఖర్చును రైతునుండియే రాబట్టవచ్చును. ఈ చట్టము వలదని మేము అనుట లేదు. ఒకని చేనిలోని పురుగు పదిమంది చేలకు ప్రాకును గనుక అట్టి అధికారము అవసరమే. కాని ఆ శాసనము రైతు గట్టు దాటినంత సూటిగా మరియొక శాసనము విత్తనపు గిడ్డంగి గడప దాటుచున్నదా అని మా ప్రశ్న.

1966లో పార్లమెంటు విత్తనముల చట్టము చేసెను. నేరము రుజువైనచో మొదటిసారి విధింపదగిన జుల్మానా అయిదువందల రూపాయలకు మించదు. మరల అదే నేరము చేసినవానికి ఆరునెలలవరకు ఖైదు, లేదా వేయి రూపాయలవరకు జుల్మానా, లేదా రెండును. 1966లో అయిదువందలనిన కొంత బరువుగల సొమ్మే. 2024లో రెండవతరపు బీటీ ప్రత్తివిత్తనపు ప్యాకెట్టు ఒక్కదానికి కేంద్రప్రభుత్వము కట్టిన గరిష్ఠధర 864 రూపాయలు. అప్పటికిని చట్టములోని అంకె అయిదువందలే! ఒక్క ప్యాకెట్టు అమ్మి జుల్మానా చెల్లించి, మిగిలిన డబ్బుతో వర్తకుడు బండియెక్కి ఇంటికి పోవచ్చును. ఇది శిక్షయా, లేక నేరమునకు కట్టు సుంకమా?

చట్టమునకు మరియొక కంత గలదు. మొలకశాతము, శుద్ధత ఇంత ఉండవలెనను నిర్బంధము ప్రభుత్వము నోటిఫై చేసిన రకములకే వర్తించును. నోటిఫై కాని సంకరజాతి గింజపై అమ్ముదారు తానే సంచిమీద వ్రాసికొన్న మాటయే ప్రమాణము. దొంగను పిలిచి తూకపురాళ్లు నీవే తెచ్చుకొమ్మనినట్లున్నది.

ఇక తనిఖీ మాట. చట్టము ప్రకారము తనిఖీదారు నమూనా తీసి మూడు భాగములు చేసి, ఒకటి అమ్ముదారునకు ఇచ్చి, ఒకటి పరీక్షకు పంపి, ఒకటి న్యాయస్థానము నిమిత్తము భద్రపరుపవలెను. విధానము మంచిదే. కాని పలుచోట్ల మండల వ్యవసాయాధికారి యొక్కడే విత్తనములకును, ఎరువులకును, పురుగుమందులకును తనిఖీదారు. వరిగింజ మొలకపరీక్షకే రెండు వారములు పట్టును. జాతిశుద్ధత బయటపడుట పూతనాటికి గాని లేదు. అప్పటికి రైతు చేతిలో మిగులునది ఖాళీ సంచి. అట్టి సంచి చంకబెట్టుకొని మా కచేరీమెట్లు ఎక్కినవారిని మేము పలుమారు చూచితిమి. కొందరికి రసీదైనను లేదు. సాక్ష్యమేదని అడుగుటకు మాకే నోరు రాలేదు.

ఉన్నంతలో న్యాయస్థానములే రైతునకు కొంత నీడనిచ్చినవి. జాతీయ విత్తన సంస్థకును ఆంధ్రదేశపు రైతులకును నడచిన వ్యాజ్యమున 2012 జనవరిలో సుప్రీంకోర్టు, విత్తనము కొన్న రైతు వినియోగదారుడేయనియు, పరీక్షకై గింజలు దాచియుంచలేదని అతని ఫిర్యాదును త్రోసివేయరాదనియు తీర్పు చెప్పెను. కాని కార్తెలోపల విత్తనము మార్చుకొనవలసిన రైతునకు సంవత్సరముల తరువాత వచ్చు తీర్పు ఎట్లు అక్కరకు వచ్చును?

కఠినచట్టము వచ్చినచో యోగ్యులైన వర్తకులును కొట్లు మూసికొందురని కొందరు వాదింతురు. నిజాయితీగల వర్తకునకు అసలు శత్రువు కల్తీవర్తకుడే గాని చట్టము కాదు. మూసిన సంచిని మూసినట్లే అమ్మిన పల్లెటూరి దుకాణదారును బలిచేసి, దానిని నింపిన కంపెనీని విడుచుట మాత్రము మాకును సమ్మతము కాదు. పంట చెడుటకు నేలయు, వానయు కారణములు కావచ్చుననుట నిజమే. కావుననే పైరు నిలిచియుండగనే శాస్త్రజ్ఞులు వచ్చి చూచి నిర్ణయింపవలెనని మేము కోరుచున్నాము.

పాలకులు తలచినచో ఏమియు చేయలేరా? 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బీటీ ప్రత్తివిత్తనపు ధరపై వ్యాజ్యమునకు దిగి, ప్యాకెట్టు ధరను 750 రూపాయలకు దింపించెను. 2007లో ప్రత్తివిత్తనములకు ప్రత్యేక చట్టమే చేసెను. వ్యవసాయమును, చీడలనుండి పైరుల రక్షణయు రాజ్యాంగమున రాష్ట్రజాబితాలో 14వ అంశముగా ఉన్నవి. కనుక ఢిల్లీవైపు వ్రేలు చూపి ఊరకుండుటకు మన శాసనసభ్యులకు వీలు లేదు. ఢిల్లీ సంగతి చూతమన్నచో, 2004లో రాజ్యసభ ముందునకు వచ్చిన విత్తన బిల్లు చట్టము కాలేదు. 2019లో ఒక ముసాయిదా, 2025లో మరియొక ముసాయిదా వెలువడెను. ముసాయిదాలు మొలచుచునే యున్నవి. పంట ఇంటికి రాలేదు.

మేము కోరునవి దుర్లభములు కావు. అమ్మకమునకు వచ్చు ప్రతి రకమును నమోదు కావలెను. ప్రతి తడవ సరుకునుండి నమూనా పంటకాలము ముగియువరకు సర్కారు వద్ద ఉండవలెను. జుల్మానా అమ్మకపు మొత్తమునుబట్టి పెరుగవలెను. నష్టపరిహారము ఆ పంటకాలములోనే, విత్తనము తయారుచేసినవానినుండి, రైతు చేతికి అందవలెను. రైతు తన గింజను దాచుకొని, విత్తుకొని, ఇరుగుపొరుగులతో మార్చుకొనుటకు 2001 నాటి చట్టము గుర్తించిన హక్కునకు ఏ సవరణయు ముట్టు కలిగింపరాదు.

పఠనమందిరములలో ఈ పంక్తులు చదువు పట్టణవాసులారా! ఇది పొలమువాని గొడవ అని పుట త్రిప్పకుడు. మీ కంచములోని మెతుకు అతడు విత్తిన గింజయే. తమ శాసనసభ్యుడు ఊరికి వచ్చినపుడు ఒక్క ప్రశ్న వేయుడు: రైతు ఏడాది కష్టమునకు ఈ రాజ్యమున వెల అయిదువందల రూపాయలేనా? అతడు జవాబు చెప్పువరకు ఆ ప్రశ్నను మానకుడు.