పొగ పరీక్ష - సత్య పరీక్ష

నిత్యం వాడుకలో నలిగే కొన్ని మాటల అర్థాన్ని మనం నిలిచి ఆలోచించం. 'ధ్రువపత్రం' అట్టి మాట. ధ్రువమంటే చలించనిది, నిశ్చితమైనది. ఉర్దూలో దీనినే 'సనద్' అంటాం. ఆనుకొని నిలువదగిన ఆధారమని దాని భావం. రెండు భాషలలోను ఆ మాటలో ఒక వాగ్దానం ఇమిడి ఉన్నది. కాగితంపై వ్రాసినది చూచి వ్రాసినదే గాని, చూడకుండా వ్రాసినది కాదని ఆ వాగ్దానం. మన కాలంలో ఈ వాగ్దానం అతి చౌకగా భంగపడుతున్న చోటు ఏదని అడిగితే, మోటారు వాహనాల పొగ పరీక్ష అని చెప్పవలసి వస్తుంది. అందులోను మార్పులు చేసిన వాహనాల సంగతి మరింత విచారింపదగినది.

ముందుగా మార్పు చేసిన వాహనమంటే ఏమిటో చూద్దాం. నగరాలలో అది ధనికుల వినోదం కావచ్చు. బుచ్చిరెడ్డిపాలెం వంటి ఊరిలో అది చాలవరకు పేదరికం నేర్పిన విద్య. వరి పండే నేల ఇది. ధాన్యం కదలాలి, బియ్యం కదలాలి. కోతల కాలంలో ట్రాక్టరు ఎక్కువ బరువు లాగాలని దాని డీజిలు పంపు మరను తిప్పి, ఇంధనం అధికంగా పోయేటట్లు చేస్తారు. పెట్రోలు ఖర్చు భరించలేని ఆటో యజమాని గ్యాసుకు మార్పిస్తాడు. డీజిలు ధర పెట్రోలు ధర కంటె బాగా తక్కువగా ఉన్న రోజులలో అంబాసడరు కార్ల పెట్రోలు ఇంజనులు తీసివేసి డీజిలు ఇంజనులు బిగించడం బాడుగ కార్ల వారికి పరిపాటిగా ఉండేది. వీటికి తోడు, మన విద్యార్థులలో కొందరు మోటారు సైకిలు సైలెన్సరును మార్చి, ఊరంతా ఉలిక్కిపడేటట్లు మ్రోగించడం కద్దు. మొదటి మూడింటి వెనుక అవసరం ఉన్నది. చివరిదాని వెనుక ఆర్భాటం తప్ప మరేమీ లేదు.

చట్టం ఈ మార్పులను ఎట్లా చూస్తుంది? 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను దీనికి సంబంధించినది. 2000లో దానిని సవరించి, తయారీదారు నిర్ణయించిన లక్షణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని స్పష్టపరచారు. కేరళ నుండి వచ్చిన ఒక వ్యాజ్యంలో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే అర్థాన్ని స్థిరపరచింది. అయితే చట్టం అన్ని తలుపులను మూసివేయలేదు. ఆమోదం పొందిన పరికరంతో గ్యాసుకో, బ్యాటరీకో వాహనాన్ని మార్చుకొనవచ్చు. అనుమతితో ఇంజను మార్చుకొనవచ్చు. ఆ మార్పును ఆర్.సి.లో నమోదు చేయించాలి. ఆమోదం లేని మార్పుకు 2019 సవరణ చట్టం ప్రకారం ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని ఉన్నవి.

ఇక పొగ పరీక్ష వేరొక ప్రశ్న. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 115వ నియమం దీనికి మూలం. వాహనం రిజిస్టరయిన ఏడాది తరువాత ప్రతి యజమాని ఈ పత్రం కలిగి ఉండాలి. భారత్ స్టేజి నాలుగు, ఆపై ప్రమాణాల వాహనాలకు పత్రం గడువు ఒక సంవత్సరం. పాతవాటికి ఆరు నెలలు. పెట్రోలు కారు ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా గొట్టంలో సన్నని నాళిక పెట్టి, కార్బన్ మోనాక్సైడు ఎంత, కాలకుండా మిగిలిన ఇంధనం ఎంత అని కొలుస్తారు. నాలుగవ స్టేజి కారుకు మొదటిది నూటికి 0.3 మించరాదు, రెండవది పది లక్షల భాగాలలో 200 మించరాదు. స్టేజి ప్రమాణాలు రాకముందు తయారైన కారుకు మోనాక్సైడు నూటికి 3 వరకు అనుమతి ఉన్నది. డీజిలు బండికి కొలత వేరు. యాక్సిలరేటరును ఒక్కసారిగా త్రొక్కి, వెలువడిన పొగ గుండా కాంతిని పంపి, ఎంత కాంతిని పొగ మ్రింగినదో చూస్తారు.

ఇక్కడ ఒక చిక్కును పాఠకులు గమనించాలి. ఈ హద్దులు వాహనపు ఇంధనాన్ని, తయారైన కాలాన్ని బట్టి మారుతాయి. ఆ రెండూ తెలిసేది ఆర్.సి. నుండి. ఇంజను మారినా ఆర్.సి. మారకపోతే, కాగితం మీది కారు వేరు, దారి మీది కారు వేరు అవుతుంది. అప్పుడు దొరికిన ధ్రువపత్రం లోకంలో లేని వాహనానికి దొరికినట్లే. అట్లే, పొగ తక్కువగా ఉన్నంత మాత్రాన మార్పు చట్టబద్ధం కాదు. మార్పు చట్టబద్ధమైనంత మాత్రాన పొగ తగ్గదు. రెండు ప్రశ్నలకు రెండు సమాధానాలు కావాలి. ఒక్క కాగితంతో రెండూ తీరినవని భావించడమే మన పొరపాటు.

పరీక్షను దాటించే మార్గాలు రెండున్నాయి. మొదటిది అందరికి తెలిసిన దొంగదారి. పరీక్షకు ముందు కార్బురేటరు మరను ఒక చుట్టు తిప్పి ఇంధనం తగ్గిస్తారు. పత్రం చేతికి వచ్చిన పిమ్మట మళ్ళీ యథాస్థానానికి తిప్పుతారు. అంతకంటె సులభమైనది, నాళిక పెట్టకుండానే పత్రం పొందడం. ఇది చదువురాని పేదవాని దోషమని అనుకొనరాదు. 2015లో ఫోక్స్‌వ్యాగన్ అనే జర్మను సంస్థ, పరీక్ష జరుగుతున్న సంగతిని కారే కనిపెట్టి పొగ తగ్గించుకొనే ఏర్పాటును ప్రపంచమంతటా సుమారు కోటి పది లక్షల డీజిలు కార్లలో పెట్టినట్లు ఒప్పుకొన్నది. మన దేశంలో కూడా ఆ సంస్థ మూడు లక్షలకు పైగా వాహనాలను సవరణ కొరకు వెనుకకు పిలువవలసి వచ్చింది. మన రహదారి పక్క షెడ్డులో మరతో జరిగినదే అక్కడ మహామేధావుల లెక్కలతో జరిగింది. ఢిల్లీలో హద్దు మించిన పొగ వెలువరించిన లక్షకు పైగా వాహనాలకు పత్రాలు ఇచ్చినట్లు 2025లో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక వెల్లడించింది. రాజధానిలోనే ఇట్లా ఉంటే మారుమూల ఊళ్ళ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

రెండవది నిజాయితీ గల మార్గం. అది మనం భయపడినంత కష్టం కాదు. గాలి వడపోతను శుభ్రపరచడం, పాడైన ప్లగ్గులు మార్చడం, పంపును సరైన కొలతకు తేవడం, సైలెన్సరు అతుకులలో కారుడు లేకుండా చూడడం, ఇంజను బాగా వేడెక్కిన తరువాతనే పరీక్షకు నిలపడం - ఇంతమాత్రానికే అనేక వాహనాలు గట్టెక్కుతాయి. ఉత్ప్రేరక పరికరాన్ని, అంటే క్యాటలిటిక్ కన్వర్టరును తీసివేసిన కారు మాత్రం దానిని తిరిగి బిగించనిదే నెగ్గదు, నెగ్గకూడదు. ఇంధనం సరిగా కాలితే పొగతో పాటు ఖర్చు కూడా తగ్గుతుంది. ఈ ఒక్క లాభాన్ని గ్రహించిన యజమాని పరీక్షను శత్రువుగా చూడడు.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. "పెద్ద కర్మాగారాల పొగ ముందు మా ఆటో పొగ ఎంత? రెక్కాడితే గాని డొక్కాడని వానిని పీడించడం న్యాయమా?" అని. ఈ మాటలో ఆవేదన ఉన్నది; దానిని తేలికగా తీసివేయరాదు. పొగ పత్రం లేని నేరానికి 10,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చునంటే, అది ఆటో నడిపేవాని ఇంటిలో ఎన్నో దినాల గ్రాసం. కాని ఆ పొగను మొదట పీల్చేది ఎవరు? రోజుకు పది గంటలు దాని నడుమ కూర్చున్న ఆ డ్రైవరే. తరువాత దారి పక్కన పండ్లు అమ్ముకొనే స్త్రీ, సంచి భుజాన వేసుకొని నడిచే బడిపిల్ల. కార్బన్ మోనాక్సైడు రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. అది పేదవాని రక్తమని దయ చూపదు. రొట్టెల పండుగనాడు నెల్లూరు స్వర్ణాల చెరువుకు కుటుంబాలతో తరలిపోయే జనం ఆరోగ్యం కొరకు రొట్టె పట్టుకుంటారు. ఆ ప్రార్థనకు పోయే దారినే ఊపిరాడకుండా చేస్తే మన భక్తికి అర్థమేమి?

కనుక కావలసినది కాఠిన్యం కాదు, క్రమం. మొదటిసారి పరీక్షలో ఓడిన బండికి జరిమానాకు ముందు మరమ్మతుకు గడువు ఇవ్వాలి. కొలిచిన అంకెలను యజమానికి తెలుగులో విడమరచి చెప్పాలి. నమోదు కాని పాత మార్పులను చట్టం అనుమతించిన మేరకు సరిచేసుకొనడానికి మండల కేంద్రాలలో శిబిరాలు నడపాలి. ఇప్పుడు నిజం చెప్పబోయినవాడు కార్యాలయానికి భయపడి వెనుదిరుగుతున్నాడు, అబద్ధం చెప్పినవాడు నిమిషాలలో పత్రంతో పోతున్నాడు. ఇక మన మెకానిక్కులకు ఐ.టి.ఐ.ల ద్వారా కొత్త ఇంజనుల పని నేర్పాలి. ఈ వృత్తిలో మన ముస్లిం యువకులు ఎందరో ఉన్నారు. చేతిలో విద్య ఉన్నది. దానికి శాస్త్రం తోడైతే వారి మాటకే విలువ వస్తుంది.

తెలుగు అధ్యాపకునిగా మరొక ముచ్చట. తనిఖీ, మరమ్మతు, జరిమానా - ఈ మూడు మాటలూ ఉర్దూ దారిన తెలుగుకు వచ్చి, పరాయివని తెలియనంతగా కలిసిపోయినవి. తనిఖీ అన్న మాటకు అరబీలో మూలార్థం పనికిరానిదానిని తొలగించి శుద్ధిచేయడం. తనిఖీ చేసి, మరమ్మతు చేయించి, అప్పటికీ వినకపోతే జరిమానా వేయడం సరియైన వరుస. మనం మొదటిదానిని తంతుగా మార్చి, రెండవదానిని మరచి, మూడవదానిని మాత్రం గట్టిగా పట్టుకున్నాం.

విద్యార్థులారా! మీలో చాలామంది రేపు వాహన యజమానులవుతారు. కొందరు మెకానిక్కులు, కొందరు అధికారులు కావచ్చు. దొంగసాక్ష్యం మహాపాపమని మనకు బాల్యంలోనే నేర్పుతారు. న్యాయస్థానంలో బోను ఎక్కి పలికినది మాత్రమే సాక్ష్యమని భావించకండి. చూడని పొగను చూచినట్లు ముద్ర వేసిన కాగితం కూడా సాక్ష్యమే. దానిని అడిగి పుచ్చుకొన్నవాడు కూడా అందులో భాగస్వామియే. మీ బండిని నాళిక ముందు నిలిపిన రోజున వచ్చిన అంకెను కళ్ళారా చూడండి. హద్దు దాటితే బాగుచేయించి మళ్ళీ రండి. అట్లా పొందిన పత్రమే ధ్రువపత్రం.